ఉస్మానియా దవాఖానలో ఒక ఎండాకాలం

మా ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరితే ‘పట్నం తోలుకపోయిన్రు’ అనేవాళ్లు. పట్నంలో ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. ఉస్మానియా దవాఖానకే. ఫోన్లు లేని రోజులు కాబట్టి ఆ మనిషి ఎట్లున్నాడో తెలియాలంటే సాయంత్రం ఆఖరి బస్సు దాకా ఆగాలి. బస్సు దిగినవాళ్ల మొహాలు చూసే ఆడవాళ్లు సగం సంగతి పట్టేసేవాళ్లు. ఏడుపు మొదలైతే ఇంకా అడగాల్సిన పని ఉండేది కాదు.

1986 ఎండాకాలం మా ఇంటి వంతు వచ్చింది. తాత తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు.

మాది నల్లగొండ వైపు. తాత నలభై ఏళ్లకు పైగా తాళ్లు, అంటే కల్లు కోసం తాటిచెట్లు, గీసినవాడు. చెట్టెక్కడానికి వాడే తాళ్లు మోకు, ముత్తాదు వేసుకుని ఎక్కుతుంటే కింద నిలబడి చూసే నాకు ఆయన నడుస్తున్నట్టే ఉండేది గానీ ఎక్కుతున్నట్టు ఉండేది కాదు. ఆ రోజు దిగుతూ దిగుతూ సగానికి వచ్చాక జారాడు. పైనుంచి పడి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కుడి తొడ ఎముక విరిగింది. పక్క ఊళ్లో కట్లు కట్టే ఒకాయన వచ్చి, గుడ్డు తెల్లసొనలో ఏదో పిండి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. పన్నెండు రోజులు గడిచాయి. కాలు దుంగలాగా వాచింది, రాత్రిళ్లు జ్వరం. కట్టు కట్టినాయన పేరు ఇప్పుడు అనవసరం. ఆయన కూడా పోయాడు.

చివరికి మా బడి సారు వచ్చి చూసి, మా నాయిన మీద ఒంటికాలి మీద లేచాడు. ఆ రాత్రికే అద్దె జీపు మాట్లాడి, వెనక గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి తాతను పడుకోబెట్టారు. గతుకు వచ్చినప్పుడల్లా తాత పళ్లు బిగించి ‘ఎల్లమ్మ తల్లీ’ అంటుంటే నాయినమ్మ డ్రైవర్ని తిడుతూ వచ్చింది, రోడ్డు ఆయనే వేసినట్టు.

నాయిన రెండు రోజులుండి వెళ్లిపోయాడు. వెళ్లక తప్పదు. తాటిచెట్టు గీత మొదలుపెట్టాక రోజూ గీయాల్సిందే, నాలుగు రోజులు వదిలేస్తే గెల ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు అంతే. తన చెట్లకు తోడు తాత చెట్లు కూడా ఆయన నెత్తిన పడ్డాయి. మా అమ్మకు చంటిపిల్ల. అందుకని తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నన్ను, నాయినమ్మను తాతకు తోడు పెట్టారు. మగ వార్డు కాబట్టి పగలు నాయినమ్మ, రాత్రి నేను. మలక్‌పేటలో మేనత్త ఇల్లుండేది. పొద్దున్నే అక్కడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని చాదర్‌ఘాట్ వంతెన దాటి, పుత్లీబౌలీ, గౌలిగూడ మీదుగా దవాఖాన ఉన్న అఫ్జల్‌గంజ్‌కు నడిచి రావడం నా పని. బస్సుకు డబ్బులు ఇచ్చేది అత్త. నడిచి మిగుల్చుకునేవాణ్ణి. ‘అల్లుడా, బస్సు దొరికిందా’ అని అడిగితే దొరికిందనే చెప్పేవాణ్ణి.

దవాఖానను మొదట చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. బడి పుస్తకంలో చార్మినార్ బొమ్మ చూశాను గానీ, ఇట్లాంటి భవనం ఒకటి ఉందని, అందులో మాలాంటి వాళ్లను పడుకోబెడతారని ఎవరూ చెప్పలేదు. మూసీ ఒడ్డున బారుగా పరుచుకుని, పైన గుమ్మటాలు, కమానులు, వెడల్పాటి వరండాలు. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని పోతున్న తాతకు కనబడింది మాత్రం పైకప్పు ఒక్కటే. దాన్ని చూసి ఆయన అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

“ఇంత ఎత్తు ఎందుకు కట్టిన్రురా? లోపల తాళ్లు పెంచుతరా?”

నొప్పితో మూలుగుతూనే అన్నాడు. స్ట్రెచర్ తోస్తున్న వార్డ్‌బాయ్ నవ్వాపుకోలేక ఆగిపోయాడు.

ఎత్తు ఎందుకో ఎండలు ముదిరాక తెలిసింది. వేడి పైకి పోయి, సున్నపు గోడల మధ్య మంచం మీద మనిషికి కాస్త చల్లగా ఉండేది. బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే మధ్యాహ్నం కూడా వరండా గచ్చు మీద చెంప ఆనించి పడుకుంటే నిద్ర పట్టేది. కట్టించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. నమూనా గీసింది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసింది ఆయనే. మూసీ అవతలి ఒడ్డున ఉన్న హైకోర్టు, ఇంకాస్త పక్కన సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషను, ఇవన్నీ ఆయన చేతి పనులే. ఆ వయసులో నాకు ఇవేవీ తెలియవు. వరండాలో నిలబడితే ఏటి అవతల ఎర్రటి గుమ్మటాలు కనబడేవి. అది కోర్టు అని చెబితే నాయినమ్మ దండం పెట్టింది. “ఇయ్యల్లవర్దాక దాని మొకం చూడలే, ఇగ చూడకుంటనే పోవాలె” అంది.

తాతకు వేసింది ట్రాక్షన్. ముందు మత్తు ఇచ్చి, తప్పుగా కూడుకోబోతున్న ఎముకను సరిచేశారు. మోకాలి కింద ఎముకలో అడ్డంగా ఒక స్టీలు పుల్ల దూర్చి, దానికి తాడు కట్టి, మంచం కొసన ఉన్న గిలక మీదుగా వేసి, చివర బరువులు వేలాడదీశారు. మంచం కాళ్ల వైపు చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేశారు. తొడ కండలు చాలా బలమైనవట. ఎముక విరగగానే అవి రెండు ముక్కలనూ ఒకదాని మీదికి ఇంకోదాన్ని లాగేస్తాయి. అట్లాగే కూడుకుంటే కాలు పొట్టిదైపోతుంది. బరువు ఆ లాగుడుకు ఎదురు లాగుతుంది. ఇదంతా ఒక హౌస్‌సర్జన్ నాకు ఓపికగా చెప్పాడు. “మీ తాతవి చెట్టెక్కిన తొడలు కదా, వీటితో గుంజులాటకు ఇంకొంచెం బరువు కావాలి” అని ఇంకో దిమ్మ తగిలించాడు.

తాత ఆ తాడును, గిలకను చాలాసేపు చూశాడు. ఆయనకు తాళ్ల సంగతి తెలుసు. నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: “చెట్టు మీద మోకు నన్ను మోసింది. గిప్పుడు మోకును నేను మొయ్యాలె.”

నలభై నాలుగు రోజులు మోశాడు.

మత్తు దగ్గర మాత్రం పెద్ద రభస అయింది. ఎముక సరిచేసే ముందు రోజు సిస్టరమ్మ వచ్చి, పొద్దున్నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు, మత్తు ఇస్తాం అని చెప్పింది. తాత బెదిరిపోయాడు. ఊరంతటికీ కల్లు పోసిన మనిషి, మత్తు అనే మాటకు భయపడ్డాడు. “కల్లు మత్తయితే ఎంత సేపుంటదో నాకెరికే. గీ మత్తుల పోయినోడు లేస్తడో లేవడో ఎవనికెరుక” అని మొండికేశాడు. మత్తు డాక్టరు ఒకావిడ, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, “నువ్వు లేచేదాకా నీ ఊపిరి లెక్కపెట్టుకుంటూ నీ తల దగ్గరే కూర్చుంటాను తాతా, ఎక్కడికీ పోను” అంది. ఆ మాటకు ఒప్పుకున్నాడు. లేచాక మొదట అడిగింది, “ఆ బిడ్డ కూసున్నదా పోయిందా?” అని.

ఆ ఊపిరి మాట ఎంత పాతదో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకు సొంత అధ్యాయమే ఉంది. ఈ ఊళ్లో వైద్య పాఠశాల మొదలైంది 1846లో. అప్పట్లో చదువు ఉర్దూలో చెప్పేవాళ్లు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1866లో, అఫ్జల్‌గంజ్ దవాఖాన వచ్చింది. 1880ల్లో ఇక్కడ ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవాడు. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే చనిపోతున్నారు, అది గుండె ఆగిపోయా, ఊపిరి ఆగిపోయా అని అప్పట్లో డాక్టర్ల మధ్య పెద్ద తగువు. గుండెను క్లోరోఫామ్ నేరుగా ఏమీ చేయదు, నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అని లారీ వాదన. దాన్ని తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు కమిషన్లు హైదరాబాదులోనే కూర్చున్నాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ణి రప్పించాడు. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే నిజమన్నారు. తర్వాతి కాలంలో క్లోరోఫామ్ గుండెను కూడా ఆపేయగలదని తేలింది, అది వేరే సంగతి. కానీ ఊపిరిని కనిపెట్టుకోవడం ఎవరూ మానలేదు.

ఆ లారీ దగ్గర చదువుకున్న ఆడపిల్లల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి ఉంది. 1889లో చదువు ముగించి, ఈ ఊరి దవాఖానల్లోనే మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆవిడ పేరు చెబుతారు. ఇది చదివినప్పుడు నాకు స్టూలు మీద కూర్చున్న ఆవిడే కళ్లముందు మెదిలింది.

వార్డు గురించి చెప్పాలంటే, అదొక ఊరు. ఒక మంచం మీద మహబూబ్‌నగర్, పక్క మంచం మీద మెదక్, ఆ పక్కన బీదర్ నుంచి వచ్చిన కన్నడపాయన. దేశం మ్యాపులో గీతలు మారినా దవాఖానకు దారి మారలేదు. బీదర్‌కు బెంగళూరు కంటే అఫ్జల్‌గంజే దగ్గర. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట అన్నీ కలిసి ఒకే భాష అయిపోయేవి. నొప్పికి మాత్రం అందరూ ‘అమ్మా’ అనేవాళ్లు. తాతతో కలిపి ఆ వార్డులో చెట్టు మీది నుంచి పడ్డవాళ్లు నలుగురు. వాళ్లు రాత్రిళ్లు దీపాలు తగ్గించాక మంచాల మీంచే మాట్లాడుకునేవాళ్లు. ఏ చెట్టు, ఎంత ఎత్తు, గాలి ఉందా, మోకు పాతదా కొత్తదా. ఎవరూ చెట్టును తిట్టేవాళ్లు కాదు. తప్పంతా మోకు మీదో, తమ కాలి మీదో వేసుకునేవాళ్లు.

తెల్లవారుజామున అఫ్జల్‌గంజ్ మసీదు నుంచి అజాన్ వినబడేది. అదే మాకు గడియారం. ఆ తర్వాత ఆయమ్మలు ఫినాయిల్ వేసి గచ్చు కడగడం, ఆ వెంటనే పాలు, బ్రెడ్డు. పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చేలోపు దుప్పట్లు సర్ది, మేం బయటికి పోవాలి. బయటంటే నాకు చింతచెట్టే.

ఆవరణలో మూసీ వైపు ఉందది. మొదలు ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు. పేషెంట్ల వెంట వచ్చినవాళ్లంతా దాని నీడకే చేరేవాళ్లు. చద్ది మూటలు, తడి బట్టలు, చంటిపిల్లల ఊయలలు. దాని కింద రోజూ ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆ దవాఖానలోనే ఏదో పని చేసి రిటైరైనవాడు. ఇంట్లో తోచక పొద్దున్నే వచ్చేసేవాడు. అందరూ చాచా అనేవాళ్లు, నేనూ అన్నాను. ఒకరోజు చెట్టు మొదలుకు కాలు ఆనించి నిలబడితే గట్టిగా అరిచాడు.

“అరే బేటా, పైర్ నికాల్! గీ చెట్టు ఎవరనుకున్నవ్? డేడ్ సౌ మందిని కాపాడిన చెట్టు గిది.”

అట్లా మొదలైంది ఆయన చెప్పడం. 1908 సెప్టెంబరు 28. రాత్రంతా కుండపోత. వాళ్ల అమ్మ అప్పటికి చిన్నపిల్లట, ఏటికి అవతల డాబా మీద నుంచి చూసిందట. తెల్లారేసరికి మూసీ రెండు ఒడ్లూ కలిపేసింది. ఇదే చోట ఉన్న పాత అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన, మూడూ దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. పరుగెత్తడానికి దారిలేక జనం ఈ చింతచెట్టు ఎక్కారు. నూటయాభై మంది. నీళ్లు తీసేదాకా కొమ్మలు పట్టుకుని వేలాడారు.

చాచా ఇంకో కథ కూడా చెప్పేవాడు. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా మూసీ ఒడ్డుకు వచ్చి, పట్టుచీర, పసుపు, కుంకుమ ఏటికి సమర్పించి శాంతించమని వేడుకున్నాడని. హైదరాబాదులో ముసలివాళ్లు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు. జరిగిందో లేదో గానీ, ఆయన తన మహళ్ల తలుపులు తెరిచి నిరాశ్రయులకు చోటిచ్చి, తిండి పెట్టించింది మాత్రం నిజం.

దవాఖాన పక్కనే పెద్ద లైబ్రరీ ఉంది. ఆసఫియా లైబ్రరీగా 1891లో మొదలై, ఇప్పుడున్న రాతి భవనంలోకి 1936లో వచ్చింది. మధ్యాహ్నాలు నేను అక్కడ ఫ్యాను కింద కూర్చుని తెలుగు పత్రికలు తిరగేసేవాణ్ణి. చాచా చెప్పింది నిజమా కాదా అని చూడాలనిపించి వరద గురించి అడిగితే, అక్కడి ఉద్యోగి ఒకాయన నన్ను ఎగాదిగా చూసి ఒక పుస్తకం తీసిచ్చాడు. సగం అర్థం కాలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఎక్కడ దొరికితే అక్కడ, ఆ వరద గురించి చదువుతూనే ఉన్నాను. మూసీకి నీళ్లు తెచ్చే ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చాడు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడడం, అది తెగి ఇంకోదాని మీద పడడం. చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా అని అంచనా. ఇది చదివాక మా ఊరి చెరువుకట్ట మీద నడవాలంటే కొన్నాళ్లు ఏదోలా ఉండేది.

1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య, ఏరును ఊరి దాకా రానిచ్చి ఆపడం కాదు, పైనే ఆపండి అన్నాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920కల్లా, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927కల్లా పూర్తయ్యాయి. మనం గండిపేట అనేది ఉస్మాన్‌సాగర్‌నే. పట్నంలో ఎవరైనా కాస్త తెలివి చూపిస్తే ‘గండిపేట నీళ్లు పడ్డయి వీనికి’ అంటారు కదా, ఆ నీళ్ల వెనక ఈ చెట్టు చూసిన రాత్రి ఉంది. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఒడ్డుకు గోడలు కట్టారు. పాత దవాఖాన పోయిన ఒడ్డు మీదే ఈ గుమ్మటాల దవాఖాన లేచింది.

నేను ఇవన్నీ, అప్పటికి తెలిసినంత మేరకు, రాత్రిళ్లు తాతకు చెప్పేవాణ్ణి. ఆయనకు విశ్వేశ్వరయ్య పట్టలేదు, నిజాం పట్టలేదు. చెట్టు ఒక్కటే పట్టింది. రోజుకో ప్రశ్న. కొమ్మలు ఎంత కింది నుంచి మొదలయ్యాయి? బెరడు గరుకా నునుపా? నూటయాభై మంది అంటున్నవు, ఆడోళ్లు ఎట్ల ఎక్కిన్రు? పిల్లల్ని ఎట్ల ఎక్కించిన్రు? నేను పొద్దున్నే వెళ్లి చూసి, చాచాను అడిగి, రాత్రికి జవాబు తెచ్చేవాణ్ణి. చాచాకు కూడా తెలియని ప్రశ్నలు ఉండేవి. “మీ దాదా పోలీసోడా?” అని విసుక్కున్నాడు ఒకసారి.

ఇక్కడే ఉస్మానియా బిస్కెట్ సంగతి కూడా చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. ఈ దవాఖాన రోగుల కోసమే ఆ బిస్కెట్ పుట్టిందని, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు. మావరకైతే అది నిజమే. నేను బస్సు డబ్బులు మిగిల్చి రెండు బిస్కెట్లు కాగితంలో చుట్టి తెస్తే, తాత ఒకటి తిని, ఒకటి బీదర్ ఆయనకు ఇచ్చేవాడు. ఉప్పగా ఉందో తియ్యగా ఉందో ఇద్దరికీ తేలలేదు, రోజూ అదే చర్చ.

బాధలూ ఉన్నాయి. వార్డులో ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు. మార్చురీ వైపు దారిలో నేను ఎప్పుడూ నడవలేదు, చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఒక రాత్రి మా వరస మంచాల్లోని చెట్టు కేసు ఒకతను ఉన్నట్టుండి ఆయాసపడ్డాడు. హౌస్‌సర్జన్లు తెల్లారేదాకా మంచం చుట్టూ తిరిగారు. పొద్దునకు మంచం ఖాళీ. ఆ రోజు తాత ఏమీ అడగలేదు. చెట్టు గురించి కూడా.

జూన్‌లో తొలకరి పడ్డాక ఎక్స్‌రే తీసి, కూడుకుంది అన్నారు. పుల్ల లాగేశారు. కట్టు వేసి, చంకకర్రలతో నడక నేర్పించారు. చెట్టెక్కిన మనిషి నేల మీద నాలుగు అడుగులు వేయడానికి చెమటలు పట్టి కూర్చున్నాడు. తర్వాత లేచి ఇంకో నాలుగు వేశాడు. డిశ్చార్జి చిట్టీ చేతికొచ్చిన రోజు, ట్రాక్షన్ తాడు చుట్టి పక్కన పెడుతున్న వార్డ్‌బాయ్‌ని పిలిచి, “కొడుకా, గది నాకియ్యరాదు” అన్నాడు. “దేనికి పెద్దాయనా, పాత తాడు” అన్నాడతను. “నా కాలును పట్టిన తాడు, మంచిగ పట్టింది” అన్నాడు తాత. వార్డ్‌బాయ్ సిస్టర్ వైపు చూశాడు. ఆవిడ కేస్ షీట్ రాసుకుంటూ తల ఎత్తకుండానే, తీసుకోనీ అన్నట్టు చెయ్యి ఊపింది.

నాయిన గేటు దగ్గర జీపు తెచ్చి నిలబెట్టాడు. తాత ఎక్కడు. ముందు చెట్టు చూస్తానంటాడు. చంకకర్రల మీద, నేను ఒకవైపు, నాయినమ్మ తిడుతూ ఒకవైపు, చింతచెట్టు దాకా పోవడానికి చాలాసేపే పట్టింది. చాచా లేచి నిలబడి సలాం చేశాడు. ఇద్దరు ముసలివాళ్లూ ఒకరినొకరు అప్పుడే మొదటిసారి చూడడం, కానీ నెలన్నరగా నా నోటి ద్వారా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

తాత బెరడు మీద అరచెయ్యి పెట్టాడు. ఎక్కే చెట్టును పొద్దున్నే ఎట్లా ముట్టుకునేవాడో అట్లాగే. తల ఎత్తి ఒక్కో కొమ్మా చూశాడు. ఎక్కడ కాలు పెడతారు, అక్కడి నుంచి చెయ్యి ఎక్కడికి అందుతుంది, తనలో తనే లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

“మోకు లేదు, ముత్తాదు లేదు. ఎన్నడు చెట్టెక్కనోళ్లు” అన్నాడు. కాసేపాగి, “నీళ్లు ఎక్కిచ్చినయి” అన్నాడు.

“హౌ, పానీ” అన్నాడు చాచా.

“చింత గాబట్టి ఆగింది. ఇంకో చెట్టయితే గంత మందికి కొమ్మ పెళ్లుమనేది.” మాంసం కొట్టే మొద్దుకు చింతే వాడతారు కదా, దాని చేవ అట్లాంటిది. ఆ తర్వాత చంకకర్ర నాకిచ్చి, కిందికి వాలిన రెమ్మ నుంచి రెండు చిగుళ్లు తుంచి నోట్లో వేసుకున్నాడు. ఏదో పెద్ద మాట అంటాడని నేను చూస్తున్నాను.

“ముదిరింది. పప్పుకు పనికిరాదు” అని జీపు వైపు తిరిగాడు.

తాత మళ్లీ చెట్టెక్కలేదు. పద్నాలుగేళ్లు బతికాడు. కాలు రవ్వంత కూడా పొట్టి కాలేదని కొత్తవాళ్లకు రెండు కాళ్లూ చాపి చూపించేవాడు. దవాఖాన తాడు మా వాకిట్లో దండెం అయింది. అమ్మ దాని మీదే బట్టలు ఆరేసేది. ఎండకూ వానకూ నలుపెక్కి, పోచలు లేచి, ఎప్పుడు తెగిపోయిందో ఎవరూ గమనించలేదు.

పట్నం కూడా మారుతూ వచ్చింది. నేను కాలేజీ రోజుల్లో దిగిన గౌలిగూడ బస్టాండు, ఆ పెద్ద ఇనుప రేకుల హ్యాంగర్, బస్సులు ఇమ్లీబన్‌కు మారిపోయాక కూడా చాలా ఏళ్లు నిలబడి, 2018 జులైలో ఒక పొద్దున కుప్పకూలింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. 2020 జులైలో వానలకు ఉస్మానియా పాత భవనంలోకి నీళ్లు వచ్చాయి. ఆ వీడియోలు ఫోన్లో చూస్తూ, తాత మంచం ఏ వైపు ఉండేదో వెతుక్కున్నాను. రోగులను పక్క బ్లాకులకు మార్చి, గుమ్మటాల భవనానికి తాళం వేశారు. కూల్చాలా, బాగుచేయాలా అని ఏళ్ల తరబడి వాదనలు, కోర్టు కేసులు. బాగుచేయాలనే నేననుకుంటాను. అయితే అందులో మంచాలు వేసి వైద్యం చేయడానికి ఆ గోడలే కావాలని పట్టుబట్టడం కూడా నాకు సరిగా అనిపించదు. రోగికి కావలసింది లిఫ్టు, ఆక్సిజన్ పైపు, కారని కప్పు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేశారు. అదే ఏడు సెప్టెంబరు చివర్లో మూసీ మళ్లీ పొంగి ఇమ్లీబన్ బస్టాండు ఆవరణలోకి వచ్చింది. వార్త చూడగానే నా చూపు తేదీ మీదికి పోయింది. 1908 వరద తేదీకి ఒకటి రెండు రోజుల తేడా.

ఆ తర్వాత కొద్దిరోజులకు మా చిన్నాయన కొడుకును ఓపీకి తీసుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాల్సి వచ్చింది. వాణ్ణి లైన్లో నిలబెట్టి, చిట్టీ వచ్చేలోపు చింతచెట్టు దగ్గరికి నడిచాను. చాచా కూర్చునే చోట ఒక కుర్రాడు సంచి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. చెట్టు మొదలు నుంచి పక్కన ఉన్న కంచె దాకా ఎవరో తాడు కట్టి, దాని మీద చీరలు, చిన్నపిల్లల గుడ్డలు ఆరేశారు. చూస్తూ నిలబడ్డాను. తడి గుడ్డ ఒకటి పిండుతున్న ఆడమనిషి నావైపు తిరిగి, “అన్నా, గాడ నిలబడకు, నీడ పడుతుంది. పోతే జర తల వంచి పో” అంది.

తల వంచి, తాడు కింది నుంచి దాటి, ఓపీ వైపు నడిచాను.